ఓనర్ లేని ఇంటి పిల్ల

"ఇంతకు ముందున్న ఇంటి ఓనర్ ఇచ్చిన ఉత్తరం ఉందా?"

ఐర్లండ్‌లో నేను అద్దెకు ఇల్లు అడిగిన ప్రతిచోటా మొదటి ప్రశ్న అదే. ఈ అమ్మాయి ఇల్లు పాడుచేయదని పాత ఓనర్ రాసివ్వాలట.

నాకు ఓనర్ అంటూ ఎప్పుడూ లేడు. నేను పెరిగింది కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, గని కార్మికుల లైన్లలో. వరసగా గోడకు గోడ ఆనుకుని ఉండే ఒంటిగది ఇళ్ళవి. చిత్తూరు పక్క పల్లె నుంచి గనిపనికి వచ్చిన మా తాతకు కంపెనీ ఇచ్చిన ఇల్లు. నాకు నడక వచ్చేలోపే గని మూతపడింది. కంపెనీ పోయింది, మేం ఉండిపోయాం. కోలారు పక్కనున్న తమకలో నర్సింగ్ చదివి, ఇరవై నాలుగో ఏట ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చి ఐర్లండ్ వెళ్ళాను. ఆసుపత్రివాళ్ళు ఆరు వారాలకు ఇద్దరు నర్సులకు కలిపి ఒక గది ఇచ్చారు. తర్వాత ఎవరి తిప్పలు వాళ్ళవే.

నాలుగో వారంలో ఒకాయన ఉత్తరం లేకపోయినా ఇస్తానన్నాడు. కానీ వంట చేయకూడదు.

"మీ కూరల వాసన గోడలకు పట్టేస్తుంది" అన్నాడు.

నాతో వచ్చిన తోటి నర్సు మోచేత్తో పొడిచి, "ఒప్పుకో, తర్వాత చూసుకుందాం" అని గొణిగింది.

నాకు ఒళ్ళు మండింది. "ఆసుపత్రిలో మీవాళ్ళకు పక్కబట్టలు మార్చేటప్పుడు నేను వాసన గురించి మాట్లాడనండీ" అని చెప్పి బయటికి వచ్చేశాను. బస్టాపు చేరేదాకా ఆగకుండా నడిచాను. వెనక్కి తిరగాలనిపించలేదు.

మర్నాడు అవ్వకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను.

"ఓనరా? మనకు ఓనరు యాడుండాడు పాపా?" అంది అవ్వ. "ఇంగ ఈ ఇంటికి పెద్దదాన్ని నేనే గదా. నేను చెప్తా, మీ అమ్మ రాస్తాది."

"అవ్వా, అట్ల ఒప్పుకోరు."

"ఒప్పుకోకుంటే వాళ్ళ కర్మ. నువ్వు ముందు చూపీ."

అవ్వ చెబుతుంటే అమ్మ రాస్తోంది. ఆ మాటలు నాకు ఫోన్లో వినిపిస్తూనే ఉన్నాయి. "ఈ పిల్ల ఒక్క గదిలో ఏడుమంది మధ్య పెరిగినాది. గోడకు మేకు కొట్టాలన్నా నన్ను అడిగినాది. కొళాయి కాడ ఎవరితోనూ కొట్లాడలేదు." అంతలోనే, "కొట్లాడినాది లే. రాసేయ్, అబద్ధమెందుకు" అంది.

కింద అవ్వ సంతకం, మా లైను నంబరు. అమ్మ దాన్ని ఫోటో తీసి పంపింది. నేను ఇంగ్లీషులోకి మార్చి, రెండూ కలిపి ప్రింటు తీసుకున్నాను.

ఒక ఏజెంటు అది చూసి నవ్వి, "ఇది చెల్లదు" అంది.

"నేనుండిన ఇంటి పెద్ద నా గురించి చెప్పాలన్నారు. చెప్పింది. ఇంకెలా చెల్లదు?" అన్నాను. ఆమె నా వెనకున్నవాళ్ళను పిలిచింది. నేను ఆ కాగితం మడిచి దాచలేదు. తర్వాత చూసిన మూడు ఇళ్ళలోనూ అదే ఇచ్చాను.

మూడో ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివింది.

"మీ అవ్వ ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉందా?"

"ఉంది. ఖాళీ చేయమని గవర్నమెంటు నుంచి రెండుసార్లు నోటీసు వచ్చింది. చేయలేదు."

ఆవిడ గట్టిగా నవ్వింది. నేను నవ్వలేదు. "నేను వంట చేస్తాను. పచ్చిమిరపకాయలు వేయిస్తాను. ముందే చెబుతున్నాను" అన్నాను.

"కిటికీ తీసి వేయించుకో. శనివారం వచ్చెయ్" అంది.

అది మేడమీది గది. వాలుకప్పు కింద ఒక మూల నిలబడితే తల తగులుతుంది. సామాను పెట్టగానే వీడియో కాల్ చేసి అమ్మకు చూపించాను.

"చిన్నదే గదమ్మా" అంది అమ్మ, కొంచెం దిగులుగా.

"చిన్నదే. కానీ తలుపుకు లోపల గడియ ఉండాది చూడు. నా ఒక్కదానికే."

నేను లేచి గడియ వేసి చూపించాను. అట్లా తలుపు మూసుకుని ఒక్కదాన్నే గదిలో నిలబడటం నా బతుకులో అదే మొదటిసారి.