ఒంటికాలి కుర్చీ పెద్దాయన

ఆ ఇటలీ పెద్దాయన జీవితమంతా వింత కుర్చీలు చేశాడట, ఇళ్ళు కట్టాడట. దోహాలో నేను పనిచేసే ఇంటికి కొత్త కుర్చీ తెస్తే, ఎదురుపడ్డవాళ్ళనల్లా "యల్లా, రా, కూర్చో!" అనేవాడు.

ఒకరోజు నేను ఎదురుపడ్డాను. కుర్చీకి ఒకటే కాలు.

"ఇరిగిందంటే నిన్ను ఊరికి తోలేస్తారు పాపా!" అని నవ్వాడు కడప డ్రైవరన్న.

మేడమ్ చూస్తోంది. బరువంతా కాళ్ళ మీదే ఉంచి అంచున ఆనాను. పెద్దాయన వంగి, వణుకుతున్న నా మడమలు చూశాడు. డ్రైవరన్నతో ఏదో అన్నాడు.

"మీ ఇంటికాడ ఎట్ట కూర్చుంటావని అడుగుతాండాడు."

నేల మీద చతికిలబడ్డాను. ఆయనా నా పక్కనే చతికిలబడ్డాడు.

తర్వాత జానెడెత్తు పీట చేసి, నాకేనని పంపాడు. మేడమ్ దాన్ని చుట్టాలకు చూపించడానికి హాల్లో పెట్టుకుంది. రోజూ తుడుస్తాను. కూర్చోవాలంటే మాత్రం ఇప్పటికీ భయమే.