తోలు ముక్కకి నలుగు పెట్టిన వైనం

మొన్న ఏలూరు నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, కొత్త టేబుల్ కొన్నాను. తోలు మౌస్‌ప్యాడ్ తీసుకోనా? బావుంటుందా?" అని అడిగింది. తాడేపల్లిగూడెంలో ఇన్నేళ్ళుగా డీటీపీ సెంటర్ నడుపుతున్నదాన్ని, ఆ మాత్రం చెప్పలేనా? చెబుదామని నోరు తెరిచానో లేదో నవ్వొచ్చేసింది. నవ్వి నవ్వి ఫోను పెట్టేశాను. పాపం, పిల్ల ఏమనుకుందో! తోలూ, మౌసూ పక్కపక్కన వినపడితే నాకు మా మావగారే గుర్తొస్తారు మరి.

బట్టల కొట్టు మా ఆయనకి అప్పగించాక మావగారికి మిగిలిన వ్యాపకం భజన. పాటలు తనే కట్టేవారు. కట్టినవన్నీ చీటీల మీద, బిల్లు కాగితాల వెనకాల. పాడేది మా అత్తగారు. ఆవిడ ఎత్తుకుంటే వీధి వీధంతా అందుకోవాల్సిందే. అలాంటి మనిషికి చూపు మందగించింది. చీటీని చెయ్యి చాపినంత దూరం పట్టుకుని, మళ్ళీ ముక్కు దాకా తెచ్చుకుని, చివరికి మడిచి బొడ్లో దోపుకునేవారు. నోటికొచ్చిన పాత పాటలే తప్ప కొత్తవి పాడడం మానేశారు. అది చూసి మావగారికి ముద్ద దిగలేదు. పెద్ద పెద్ద అక్షరాలతో ఆవిడకో పుస్తకం, కృష్ణాష్టమి నాటికి, అదీ తన చేత్తోనే చెయ్యాలని పట్టుబట్టారు. "రెండ్రోజుల్లో నేను కొట్టేస్తాను మావయ్యగారూ" అంటే, "నీ పని నీకుందమ్మా. ఇది నా పని" అన్నారు.

సెంటర్లో ఓ పాత కంప్యూటర్ ఆయనకిచ్చాను. ఆ టేబుల్ మీద అద్దం పరిచి ఉంది. అద్దం మీద మౌస్ కదిలితే ఒట్టు! నా గుడ్డ ప్యాడ్ ఇస్తే చెయ్యి చెమట పడుతోందన్నారు. మౌస్‌ప్యాడ్ అంటే ప్యాడేగా అని పిల్లలు పరీక్షలకి తీసుకెళ్ళే అట్ట పట్టుకొచ్చారు. దాని క్లిప్పు మణికట్టుకి గుచ్చుకుంది. చివరికి చెప్పులు కుట్టే ఆయన దగ్గర జానెడు తోలు ముక్క సంపాదించారు. మెరిసే తోలు మీద తెర మీది బాణం గెంతులేస్తుందని నేను ముందే చెప్పాను కాబట్టి, మెరుపు లేనిదే ఏరుకొచ్చారు.

అత్తగారు చూశారు. ఇంకేవుంది! "దేవుడి పాటలు తోలు మీదా అండీ? నేనా పుస్తకం ముట్టుకోను గాక ముట్టుకోను" అనేశారు. ఎవరికోసం చేస్తున్నారో ఆవిడే ముట్టుకోనంటే ఇంక పుస్తకం ఎందుకు? మావగారు డీలా పడిపోయారు. నాకైతే ప్రాణం ఉసూరుమంది. మర్నాడు ఏమనుకున్నారో ఏమో, ఆవిడ్ని సెంటర్‌కి పిలుచుకొచ్చి, "ఏవేఁ, మన మృదంగం పట్టుబట్టతో కట్టిందా?" అని నిలదీశారు.

"అది మోగుతుందండీ. ఇదేం మోగుతుంది?"

ఆయన ఆ తోలు మీద మౌస్ పెట్టి టిక్కు టిక్కుమని ఆదితాళం నొక్కేశారు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు గానీ నవ్వు ఆగితేనా!

అలాగని ఊరికే ఒప్పుకుంటారా? శుద్ధి చెయ్యాలని తోలు మీద చెంబెడు పసుపునీళ్ళు గుమ్మరించారు. అది ఎండి అప్పడంలా వంకర తిరిగింది. దాన్ని మెత్తబరచడానికి మావగారు కిర్రుచెప్పులకి రాసినట్టు ఆముదం పట్టించారు. ఇహ చూడండి, మౌస్ ఆయన చేతికి దొరక్కుండా జారిపోవడం, దాని అడుగంతా జిడ్డు. నేను తల పట్టుకు కూర్చున్నాను. అత్తగారు మాత్రం, "నూనె రాశాక నలుగు పెట్టొద్దూ?" అంటూ ఇంటికెళ్ళి సున్నిపిండి తెచ్చారు. శుభలేఖల కోసం పెంటపాడు నుంచి వచ్చినవాళ్ళు కళ్ళప్పగించి చూస్తుండగా, మొగుడూ పెళ్ళాలిద్దరూ ఎదురెదురుగా కూర్చుని తోలు ముక్కకి నలుగు పెట్టారు. ఆవిడ నలుగు పాట కూడా అందుకున్నారు. నా జన్మలో అంత నవ్వు నవ్వలేదు.

జిడ్డంతా పిండి లాగేశాక ఆ తోలు ఎంత బావుందనుకున్నారు! మెత్తగా, చప్పుడు లేకుండా, ఎక్కడ ఆపితే బాణం అక్కడ ఆగేది. వానాకాలం కొల్లేటి వైపు నుంచి చెమ్మగాలి తిరిగితే బూజు పడుతుంది, అదొక్కటే. పొడిగుడ్డతో తుడుచుకుంటే సరి.

అష్టమి వారం ఉందనగా మొదటి ప్రతి ప్రింటు తీసి ఆవిడ చేతిలో పెట్టారు. ఒక్కో అక్షరం ఉసిరికాయంత. కళ్ళజోడు లేకుండానే గడగడా చదువుకుంటూ పోతున్న మనిషి ఓ పాట దగ్గర ఆగిపోయారు.

"ఇదేవిటండీ, 'వెన్నల దొంగా' అని వేశారు? 'వెన్నెల దొంగా' కదూ?"

"కృష్ణుడు దొంగిలించింది వెన్నే కదుటే!"

ఆ పాట ఆవిడ చీటీ చూడకుండా చెవిన పడినట్టే నేర్చుకుని, ఇరవై ఏళ్ళుగా వెన్నెల దొంగనే పిలుస్తున్నారు. వీధి కూడా ఆవిడ వెనకాలే. మృదంగం హోరులో ఈయనకి తేడా తెలియలేదు. అత్తగారి మొహం చిన్నబోయింది. "ఇన్నేళ్ళూ అందరిచేతా తప్పు పాడించానన్నమాట" అన్నారు మెల్లిగా.

మావగారు కుర్చీ లాక్కుని, మౌస్ జరిపి, సరిగ్గా ఆ 'న్న' దగ్గర నొక్కి దానికో ఎత్వం తగిలించారు. "నువ్వు పాడిందే పాట. రాసినవాడిదే తప్పు" అన్నారు.

ఆ తరవాత ఎన్ని వేల పేజీల్లో తప్పులు దిద్దానో నాకే తెలీదు. ఒప్పుని తీసేసి తప్పుని వెయ్యడం మాత్రం ఆ ఒక్కసారే చూశాను. ఏళ్ళు గడిచేకొద్దీ నాకు అదే ఒప్పనిపిస్తోంది.