ఒరాసియో మంగళవారాలు

బ్యూనస్ ఐరిస్‌లో ఇంటికో మనసు డాక్టరు. అల్మాగ్రో పేటలో అయితే మనిషికొకరు. "నాకు సెషనుంది" అంటే చాలు, పుట్టినరోజు విందుకు రాకపోయినా ఎవరూ తప్పుపట్టరు. లోపల ఏం మాట్లాడావని అడగడం మాత్రం ఎదుటివాడి జేబులో చెయ్యి పెట్టినంత అమర్యాద. ఆ మర్యాదే ఒరాసియో కొంప ముంచింది.

ఒరాసియో సిటీ బస్సు డ్రైవరు, చెయ్యి తిరిగినవాడు. పోయిన చలికాలం వానలో, మెద్రానో వీధి మలుపులో ఒక పెద్దాయన కాలు జారి అతని బస్సు కింద పడి చనిపోయాడు. తప్పు ఒరాసియోది కాదని పోలీసులు తేల్చారు, కంపెనీ తేల్చింది, తోటి డ్రైవర్లు భుజం తట్టి మరీ తేల్చారు. అందరికీ తేలింది, అతనికి తప్ప.

కంటి మీద కునుకు లేదు. గిన్నె చప్పుడైనా ఇంతెత్తున లేచేవాడు. ఆదివారం నిప్పుల మీద మాంసం కాల్చడమంటే ప్రాణం పెట్టేవాడు, ఆ పని బావమరిదికి వదిలేశాడు. ఆ మలుపు వస్తే ఖాళీ రోడ్డు మీద కూడా కాలు బ్రేకు మీదికి పోయేది.

"ఇది మాత్రలతో పోయేది కాదు. నువ్వూ ఎవరికైనా చూపించుకో," అని భార్య గ్రసియెలా పోరింది. ఆవిడ పదిహేనేళ్ళుగా ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్తోంది. పోరు పడలేక అతను ఒకరోజు, "మంగళవారాలు వెళ్తున్నానుగా!" అనేశాడు. ఆ దెబ్బతో ఇల్లు చల్లబడింది. మళ్ళీ ఎవరూ ఒక్క మాటా అడగలేదు.

మంగళవారాలు అతను కాఫీ హోటల్లో ఓ మూల కూర్చుని, పాలకాఫీ, నెలవంక రొట్టెలు ముందేసుకుని గంట గడిపి ఇంటికి పోయేవాడు. అతని ముఖం చూసి గ్రసియెలా, "ఇవాళ గట్టిగానే తవ్వినట్టున్నారు," అని జాలిపడి వేడివేడిగా మాతే ఆకు టీ కలిపి ఇచ్చేది. పాపం, మనిషి మునిగిపోతుంటే పక్కన ఈతగాడు ఉన్నాడనుకుని ఒడ్డున అందరూ నిశ్చింతగా కూర్చున్నారు.

వసంతంలో ఒక గురువారం పొద్దున, ఆ మలుపులో ఎదురుగా ఎవరూ లేకుండానే అతని కాలు బ్రేకును అడుగంటేలా తొక్కేసింది. నిలబడ్డవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఎల్విరా అనే ముసలావిడ మోచెయ్యి గీరుకుపోయింది. ఒరాసియో పరుగున వెళ్ళి లేవదీశాడు.

"నాకేం కాలేదు గానీ నాయనా, నీ చేతులేంటి ఇలా వణుకుతున్నాయి? ఎవరి దగ్గరికైనా వెళ్తున్నావా?"

"వెళ్తున్నానమ్మా. నాలుగు నెలల్నించి."

"నాలుగు నెలలకీ ఇంతేనా? వాడెవడో దండగమారివాడు. మార్చెయ్!"

బస్సంతా అందుకుంది. "మా డాక్టరమ్మ దగ్గరికి రా అన్నా, రెండో వారానికే భోరుమనిపిస్తుంది," అన్నాడు టై కట్టుకున్న ఒకాయన.

"ఏడవడం దేనికి? మా డాక్టరు అసలు నోరే విప్పడు, హాయి," అంది ఒక నర్సు.

"నోరు విప్పనందుక్కూడా ఫీజా?" అన్నారు వెనకనించి ఎవరో.

"నేను ఎవరి దగ్గరికీ వెళ్ళట్లేదు," అన్నాడు ఒరాసియో.

దొంగతనం ఒప్పుకున్నా బస్సులోవాళ్ళు అంత నివ్వెరపోయేవారు కాదు.

"ఇంట్లో అబద్ధం చెప్పా. వెళ్తే ఆ మాట చెప్పాల్సొస్తుందని. ఆ పెద్దాయన జారలేదమ్మా. నా కళ్ళల్లోకి చూశాడు. చూసి, అప్పుడు అడుగేశాడు. ఆయన కూతురు అక్కడే పడి ఏడుస్తుంటే నాకు నోరు రాలేదు. జారాడనే చెప్పా."

వెనక కార్లు హారన్లు మోగిస్తున్నాయి. ఎవరూ దిగలేదు. ఎల్విరా అతన్ని సీట్లో కూర్చోబెట్టి, "ఇది ఒక్కడివే మోసే బరువు కాదు నాయనా. ఇంటికి ఫోన్ చెయ్యి," అంది.

చేశాడు. "గ్రసియెలా, మంగళవారాలు నేనెక్కడికీ వెళ్ళలేదు," అన్నాడు, తర్వాత మిగతాదీ చెప్పాడు.

"ఇంక బండి తీయకు. అక్కడే ఉండు, వస్తున్నా," అంది గ్రసియెలా. "మధ్యాహ్నం నాకు సెషనుంది. దానికి నువ్వెళ్ళు."

తల్లిని పూడ్చిపెట్టిన రోజు కూడా గ్రసియెలా ఆ గంట వదులుకోలేదు. ఒరాసియోకి ఆ సంగతి తెలుసు. ఫోన్ పట్టుకుని, బస్సు నిండా జనం చూస్తుండగా, భోరున ఏడ్చాడు.