పసుపు పీపాలో మా పేర్లు

మొన్న ఆర్మూరు నుంచి పెర్కిట్ పోయే రోడ్డు మీద ఒక ఫర్నిచర్ దుకాణం తెరిచిండ్రు. కొబ్బరికాయ కొట్టనీకి నన్నే పిలిచిండ్రు. దుకాణం ఓనరు ఒకప్పుడు నా దగ్గర చెక్కపని నేర్చుకున్న పిల్ల. పిల్ల అంటున్న గాని ఇప్పుడు ఆమె తల నాకంటె ఎక్కువ నెరిసింది. (ఈ పోలిక చెల్లదు. నాకు నెరవనీకి వెంట్రుకలే లేవు.) వార్నిషు వాసన, అగరుబత్తి వాసన కలిసేసరికి నాకు మా పాత బడిగది యాదికొచ్చింది. అంతల మూలకు, మంచాల వెనుక, గోనెపట్టా కప్పిన చెక్క పీపా కనపడ్డది.

"గిది ఇంక ఉంచినవా?" అన్న.

"మీరు చెప్పే కథకు సాక్షి ఉండాలె గద సారూ," అన్నది.

వచ్చినోళ్లందరు మతలబేందని అడిగిండ్రు. నాకు గంతే చాలు. ఎనభైలల్ల ఆర్మూరు మొత్తం పసుపుకు మెరుగు పెట్టింది ఈ పీపానే అన్న. మేం చేసినప్పుడు ఎద్దులబండంత ఉండె అన్న. ఎనమండుగురు తిప్పితే గాని తిరగకపోతుండె అనీ, దాని చప్పుడు పెర్కిట్ దాంక వినపడుతుండె అనీ చెప్పిన. ఆమె మిఠాయి పంచుకుంటనే, "సారూ, జర తగ్గించుండ్రి. ఎదురుంగనే ఉన్నది పీపా," అన్నది.

సరే, తగ్గిస్త. నీళ్ల డ్రమ్మంత ఉండె. ఇద్దరు తిప్పుతుండె. చప్పుడు బడి గోడ దాంక పోతుండె, అదీ గాలి అటు కొడితేనే.

అప్పట్ల నేను బడిలో చెక్కపని సారును. లెక్కల సారుకు, ఇంగ్లీషు సారుకు ఉన్న గౌరవం నాకు లేకుండె గాని, పిల్లలు పరుగెత్తుకొచ్చే గది మాత్రం నాదే. పుస్తకం లేదు, నోటుసు లేదు. మొదట పీట, తర్వాత స్టూలు, చేయి తిరిగినంక మూత ఉన్న పెట్టె. నా దగ్గర ఒక్కటే నియమం ఉండె. వస్తువు మీద చేయి పెట్టి నిమిరితే ఏమీ తగలొద్దు. ఎక్కడన్న ఉలి గాటు కనపడ్డదా, స్కేలుతోని వేళ్ల మీద ఒక్కటిస్తుంటి. ఇక బెంచీల మీద పేర్లు చెక్కేటోళ్లకైతే రెండు. ఇప్పుడు దుకాణం పెట్టిన ఆ పిల్ల, కుట్టు టీచరు సెలవు మీద పోతే మా గదిలకొచ్చింది. టీచరు తిరిగొచ్చింది గాని ఈ పిల్ల తిరిగి పోలే.

ఒక ఏడు పెద్దసారు నన్ను పిలిచి, గదిలో టైపు మిషన్లు పెడతామన్నరు. "చెక్కపనితోని ఎవరికి ఫాయిదా? పరీక్షల లోపల ఊరికి పనికొచ్చే వస్తువు ఒక్కటి చేసి చూపెట్టు. లేకుంటే తాళంచెవి ఇచ్చేయి," అన్నరు.

అది పసుపు కాలం. ఊరి చుట్టూ ఉడకబెట్టిన వాసన, కళ్లాలల్ల ఆరబోసిన కొమ్ములు. ఎండిన కొమ్ముల పొట్టు పోయి రంగు రావాలంటే ఆడోళ్లు చేతులకు గోనెపట్టా చుట్టుకొని రుద్దుతుండ్రి. "మా అమ్మ అరచేతులు చూస్తరా సారూ?" అన్నది ఆ పిల్ల. అట్ల పీపా చెయ్యాలనుకున్నం. విరిగిన బెంచీల పలకలు, నడుమ ఒక ఇనుప కడ్డీ, పక్కకు తిప్పే పిడి. నేను పిల్లలతోని పలకలన్నిటికి నునుపు చేసే రందా పట్టించి, పాత పేర్లన్ని చెరిపించి, లోపలంత అద్దం తీరుగ చేయించిన. పలకల నడుమ గాలి గూడ చొరకుండ బిగించినం.

పెద్దసారు కుర్చీ ఏసుకొని కూసున్నరు. పిల్ల తల్లి పసుపు సంచి తెచ్చింది. పోసి తిప్పినం. గలగలమనాల్సింది జర్రుజర్రుమన్నది. ఎంత తిప్పినా కొమ్ములు పోయినట్టే తిరిగొచ్చినయి, పొట్టు గూడ రాలలే. ఆ తల్లి ఒక కొమ్ము అటుఇటు తిప్పి చూసి, "ఉయ్యాల మంచిగున్నది సారూ. పసుపుకు నిద్ర పట్టినట్టుంది," అన్నది. పెద్దసారు తాళంచెవి కోసం చేయి చాపిండ్రు.

అప్పుడు నేను ధైర్యంగ ముందుకొచ్చి "రేపటిదాంక ఆగుండ్రి" అన్న. అని దుకాణంల చెప్పిన. ఆమె నా దిక్కు చూసింది. సరే, ఆ మాటన్నది ఆమెనే. నేను అప్పుడు జేబుల తాళంచెవి వెతుకుతుంటి.

"మా అమ్మ గరుకు బండ మీద రుద్దుతది సారూ. మీరేమో నున్నగ చేయించిండ్రు," అన్నది ఆ పిల్ల గదిలకొచ్చినంక. మేకులు పీకినం, పలకలు విప్పినం. ఉలులు పట్టుకొని గాట్లు పెట్టుండ్రి అన్న. ఒక్క చేయి కదలలే. అందరి కండ్లు నా స్కేలు మీదనే. స్కేలు తీసి కిటికీల నుంచి అవతల పారేసిన. ఆ పిల్ల ముందుగ ఒక పలక మీద తన పేరు చెక్కింది. ఇక చూడాలె, ఎవరి పేరు వాళ్లు, లోతుగ, సంబురంగ. నేను గూడ ఒక మూలకు నా పేరు చెక్కిన. తిరిగి బిగించేటప్పుడు పొట్టు రాలనీకి పలకల నడుమ సన్నటి సందులు వదిలినం.

మరునాడు తిప్పితే గలగలమన్నది. సందులల్లకెల్లి పొట్టు, దుమ్ము రాలి పెద్దసారు తెల్లచొక్కా పచ్చగైంది. ఆ తల్లి కొమ్మును ఎండకు పట్టి చూసి, "ఇప్పుడు మెలకువొచ్చింది," అన్నది. పెద్దసారు నన్ను కావలించుకున్నరని చెప్తుంట గాని, చొక్కా దులుపుకొని ఊకెనే లోపలికి పోయిండ్రు. చేయి మాత్రం మల్ల చాపలే.

గది ఇంక చానా ఏండ్లు నడిచింది. ఒక్క కాలం తిప్పితే అక్షరాలు అరిగి నున్నగైతుండె. అందుకే ప్రతి ఏడు కొత్త పిల్లలు కొత్త పేర్లు చెక్కుతుండ్రి. తొంభైల చివర గది మూసినప్పుడు పీపాను ఆమె ఇంటికి తీసుకపోయింది. వాళ్లమ్మ చేతనైనన్ని రోజులు తిప్పిందట.

దుకాణం నుంచి అందరు పోయినంక గోనెపట్టా తీసి, లోపల చేయి పెట్టి నిమిరిన. ఏమీ తగలలే. నేను ఆ మొదటి రోజు కోరినంత నునుపు. నా పేరున్న మూల గూడ దొరకలే.

"యాడికి పోయినయే అన్ని పేర్లు?" అన్న.

"పసుపుల పోయినయి సారూ," అన్నది.

కాలం మనుషులను ఎట్ల తీసుకపోతదో నాకు తెల్వదు. మా పేర్లను మాత్రం ఏడాదికింత అరగదీసి, చిటికెడు చిటికెడుగ ఎవరెవరి పప్పులోనో ఏసింది.