అన్న పేరుకు నలుపు

మొన్న మిర్యాలగూడ నుంచి వదిన ఫోన్ చేసి, మా అన్న సంవత్సరీకానికి కార్డు నన్నే చేసిపెట్టమంది. సూర్యాపేటలో నేనొక్కదాన్నే ఉంటున్న ఈ కిరాయి గదిలో లాప్‌టాప్ తెరిచి, అన్న పేరు కొట్టి, దాన్ని సెలెక్ట్ చేసి రంగుల మీద బాణం ఆడిస్తుంటే, ఇంకా ఏదీ నొక్కకముందే పేరు ఒక్కో రంగులోకి మారి కనిపిస్తోంది. ఇప్పటివాళ్లకు ఎంత సుఖం వచ్చిందో అనుకున్నాను గానీ, ఆ మాట చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు.

మన కాలంలో కంప్యూటర్ల మీద పనిచేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కోదాడలో డీటీపీ షాపులో నేను చేరినప్పుడు, అక్షరాలను మౌస్‌తో పట్టుకుంటే నల్ల పట్టీలో తెల్లగా మెరిసేవి. వాటికి ఏ రంగు వేశామో పక్కన నొక్కి పట్టీ వదిలిస్తే తప్ప తెలిసేది కాదు. మా ఓనరు ఒక పద్ధతి పెట్టాడు. పెళ్లికార్డులో 'ఆహ్వానించువారు' కింద ఏ పేరైనా ఉండాలా వద్దా అన్నది ఇంట్లో తేలకపోతే దాన్ని ఎర్రగా ఉంచాలి, పెద్దలు ఊ అన్నాక నలుపు చెయ్యాలి. ఆ పేర్ల పంచాయితీలు అన్నీ ఇన్నీ కావు, బాబాయిలూ మేనమామలూ షాపుకే వచ్చి అక్షరాల సైజు కొలిచిన రోజులున్నాయి, నేను లోలోపల నవ్వుకునేదాన్ని.

చెల్లి పెళ్లి కుదిరేసరికి ఆ పంచాయితీ మా ఇంటికే వచ్చింది. నాన్న లేడు కనుక ఆహ్వానించేవాడిగా అన్న పేరే ఉండాలి. అన్నేమో అమ్మతో మాటామాటా పెరిగి, వదినను తీసుకుని మిర్యాలగూడ రైసుమిల్లులో పనికి వెళ్లిపోయి రెండేళ్లయింది. అమ్మ ఎటూ తేల్చకపోతే అన్న పేరు ఎర్రగా పెట్టాను. చివరికి ప్రెస్సుకు పంపే సాయంత్రం అమ్మ షాపు మెట్ల దాకా వచ్చి, ఎంతైనా కొడుకు గదా, పెట్టమంది. నాకు ఎంత సంతోషమో. గబగబా పేరు సెలెక్ట్ చేశాను, నల్ల పట్టీ కనబడగానే నలుపు వేసేశాననుకుని ప్రింటు ఇచ్చేశాను. నలుపు తప్ప తెలియని మా షాపు ప్రింటరు ఎరుపును సన్నని చుక్కలుగా దించింది, నేను చూసుకోకుండా దాన్నే ప్రెస్సుకు పంపాను. అచ్చయిన కార్డు నా కంటపడేసరికి అమ్మ సగం పంచేసింది, అన్నకు పోస్టులో పంపింది కూడా. అందరి పేర్లూ నిండుగా ఉన్నాయి, అన్న పేరొక్కటే చెరిపి వదిలేసినట్టు బూడిదరంగులో ఉంది.

నాలుగో రోజు అన్న షాపుకు వచ్చాడు. కార్డు నా కీబోర్డు మీద పెట్టి, "నా పేరు గిట్ల పెట్టేకంటె, అసలు పెట్టకపోతె అయిపోవు గదనే సెల్లె" అన్నాడు. రంగు మార్చడం మరిచిపోయానని చెబితే, అసలు ఎర్రగా ఎందుకు పెట్టావని అడుగుతాడు; నీ పేరు ఉండాలా వద్దా అని ఆలోచించామని ఏ నోటితో చెప్పను? కీబోర్డు మీది కార్డు తీసి అన్న చేతికే తిరిగి ఇచ్చేశాను. చెల్లి పెళ్లికి అన్న రాలేదు, ఆ తర్వాత మా గడప తొక్కలేదు. నేను సూర్యాపేటకు మారాక మిర్యాలగూడ బస్సులు రోజూ నా కళ్లముందు నుంచే పోయేవి, ఎక్కే ధైర్యం మాత్రం నాకు చాలలేదు.

పోయినేడు అన్న పోయాక వెళ్లాను. పదోరోజున వదిన బీరువాలోంచి ఆ పెళ్లికార్డు తీసి నా చేతిలో పెట్టింది. బూడిదరంగు పేరు మీద అన్న నీలి బాల్‌పెన్నుతో అక్షరం అక్షరం దిద్దుకున్నాడు, ఒకసారి కాదు, కాగితం గుంటపడేలా. రావాలని ఎంత ఉండిందో ఆ మనిషికి. నేను ఒక్క మాట చెప్పి ఉంటే వచ్చేవాడని అప్పుడు తెలిసి, వదిన ముందే వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇప్పుడు రంగు ముందే కనబడుతుంది, తప్పయితే వెనక్కి తీసుకోవచ్చు, అచ్చుకు వెళ్లకముందే కార్డు ఫోన్లలో అందరికీ చేరుతుంది. ఇవన్నీ అప్పుడే ఉంటే మేము దూరమయ్యేవాళ్లం కాదని అనలేను, నోరు తెరవనిది నేనే కదా. కీ.శే. అని ముందు చేర్చి, అన్న పేరుకు నలుపు వేసి, పక్కన నొక్కి చూశాను. నల్లగానే ఉంది. అయినా మళ్లీ సెలెక్ట్ చేసి, మళ్లీ నలుపే వేశాను.