నేను కూర్చున్న సెలెక్షన్ కమిటీ

నాకు బంతి కొట్టడం రాదు, పట్టడం అంతకంటే రాదు. కానీ ఎవరు కొట్టాలో, ఎవరు పట్టాలో మాత్రం నాకే తెలుసని ముప్పై ఏళ్ళు వచ్చేదాకా గట్టిగా నమ్మాను. నల్లగొండ తాలూకా కచ్చేరిలో గుమాస్తాగా ఉన్న రోజులవి. బస్టాండు పక్కన ఒక చాయ్ హోటల్లో రేడియో ఉండేది. క్రికెట్ టెస్టు జరుగుతోందంటే చివరి గంట ఆటైనా విందామని కచ్చేరి నుంచి పరుగులాంటి నడకతో అక్కడికి చేరేవాణ్ణి.

కామెంటరీ ఇంగ్లీషులో వచ్చేది. నేను చదివింది ఉర్దూ బడిలో. ‘అవుట్’ అన్న మాట, జనం కేక తప్ప నాకు నేరుగా అందేది ఏమీ లేదు. హైస్కూలు డ్రిల్లు మాస్టారు వచ్చిన రోజు ఆయన చెప్పినంత ఆట అర్థమయ్యేది. ఆయన రాని రోజు రేడియోలోని గోలను బట్టి ఎవరికి తోచినట్టు వాళ్ళం చెప్పుకునేవాళ్ళం. అయినా నా అభిప్రాయాలకు కొదవ ఉండేది కాదు. వెస్టిండీస్ వాళ్ళు వచ్చిన ఏడు మన జట్టుకు అయిదు టెస్టుల్లో నలుగురు కెప్టెన్లు మారారు. “కిరాయి ఇల్లు మార్చినట్టు కెప్టెన్ను మారుస్తరా?” అని నేను బల్ల మీద గుద్దితే చాయ్ సాసర్లు ఎగిరిపడ్డాయి. ఆ నెలంతా నాకు అన్నం సయించలేదు.

మా బాపు చిట్యాలలో మగ్గం నేసేవాడు. ఆదివారం ఇంటికి పోయి నేను ఇదే గోల మొదలుపెడితే, ఆయన చేతిలో నాడె విసరడం ఆపకుండానే అనేవాడు: “ఎవడో బొంబాయిల బంతి కొడితె నీ కడుపెందుకు మండుతాందిర? గా సెలెక్షనోళ్ళు నీ చిన్నాయన కొడుకులా, పెదనాయన కొడుకులా?”

బాపుకు అర్థం కాదని నేను విసుక్కునేవాణ్ణి.

క్రికెట్ రేడియోలో ఉండేది గానీ, ఫుట్‌బాల్ మా కళ్ళ ముందే ఉండేది. హైదరాబాదు ఆటగాళ్ళు దేశం జట్టులో సగందాకా ఉన్న కాలం. ఆ ఊపు మా దాకా వచ్చింది. ఏడాదికొకసారి నల్లగొండకూ మహబూబ్‌నగర్‌కూ మధ్య పోటీ జరిగేది. మహబూబ్‌నగర్‌ను మేమంతా పాలమూరు అనేవాళ్ళం. రెండు జిల్లాలవీ ఎండిన చేలే, అడుగంటిన బావులే. ఇది మాకుంది, మీకు లేదు అని చెప్పుకోవడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. అందుకే కాబోలు, ఏడాది రోషమంతా ఆ ఒక్క ఆటలో తీర్చుకునేవాళ్ళం.

ఆ ఆటలో వరసగా మూడేళ్ళు మేమే ఓడాం. ఎందుకు ఓడామో నాకు తెలుసు. చిట్యాల దగ్గరి ఒక ఊరి నుంచి గొర్ల మంద ఉన్న ఒక మనిషి వచ్చి మా వాళ్ళతో ప్రాక్టీసు ఆడేవాడు. నా ఈడువాడే. సన్నగా, ఎండకు నల్లబడి, తలకు ఎర్ర రుమాలుతో ఉండేవాడు. ఎడమకాలితో ఆడేవాడు కాబట్టి అందరం ఎడమకాలాయన అనే పిలిచేవాళ్ళం. మైదానం ఎడమ అంచున బంతి అతని కాలికి దొరికిందంటే మంద నుంచి తప్పిన గొర్రెను మళ్ళించినంత తేలిగ్గా ఇద్దరు ముగ్గురిని దాటించి, సరిగ్గా గోలు ముందు పడేట్టు కొట్టేవాడు. అలాంటి మనిషిని కమిటీ ఒక్కసారి కూడా తీసుకోలేదు. మొదటి ఏడు బూట్లు లేవన్నారు. ఉత్త కాళ్ళతో ఆడనివ్వరు, నిజమే. అతను హైదరాబాదు జుమ్మేరాత్ బజారుకు పోయి పాత బూట్లు వెతికి తెచ్చుకున్నాడు. రెండో ఏడు, మేత వెతుక్కుంటూ మందతో దేశం పట్టుకుని పోతాడు, ప్రాక్టీసుకు నాగా చేస్తాడన్నారు. మూడో ఏడు అతను మందను తమ్ముడికి అప్పగించి రోజూ వచ్చాడు. అప్పుడు “అనుభవం గలవాడు కావాలె” అన్నారు. ఆడనివ్వకుండా అనుభవం ఎక్కడినుంచి వస్తుంది?

నాకు ఆట రాకపోయినా దరఖాస్తు రాయడం వచ్చు. మూడేళ్ళూ మూడు దరఖాస్తులు రాశాను. మూడోది నాలుగు పేజీలు. అందులో కమిటీ పెద్దమనుషులను కళ్ళున్న కబోదులన్నాను. కమిటీకి పెద్ద మా ఊరి వకీలు సాబు ఒకాయన. ఒకరోజు కచ్చేరికి వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

“నీ దస్తూరి మంచిగున్నది. రాసుడు బంజేసి వచ్చి కమిటీల కూసో. నువ్వే ఎంచు, మేం సూస్తం,” అన్నాడు.

ఉద్యోగంలో చేరిన నాడు కూడా నేనంత సంతోషపడలేదు. అది చైనాతో యుద్ధం రావడానికి ముందటి ఏడు. ఆ సాయంత్రమే ఎడమకాలాయన మైదానంలో కనిపిస్తే, “ఈపారి ఫికర్ చెయ్యకు. నేనున్న,” అని భుజం తట్టాను. అతను నవ్వి బూట్ల తాళ్ళు ముడేసుకున్నాడు.

జట్టు ఎంచడానికి ముందు రోజు మా అక్క వచ్చింది. అక్కను ఇచ్చింది పాలమూరు జిల్లా మక్తల్ వాళ్ళకు. బావ నల్లగొండలో నేతగాళ్ళ సొసైటీలో పని దొరకడంతో ఇక్కడే కాపురం పెట్టాడు. ఒకప్పుడు మంచి ఆటగాడే, ఎడమ అంచునే ఆడేవాడు. కానీ కిందటేడు కామెర్లు వచ్చి మూడు నెలలు మంచం పట్టాడు. లేచాడు గానీ మునుపటి మనిషి కాలేదు. పనికి పోతాడు, వస్తాడు, గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఈ మధ్య మాత్రం ప్రాక్టీసుకు వచ్చి నాలుగు అడుగులు పరుగెత్తి వగరుస్తూ కూర్చునేవాడు.

అక్క గడపలోనే కూర్చుంది. “తమ్మీ, ఆయన ఇంట్ల మాట్లాడుత లేడు. ఆట పాలమూర్ల ఉన్నదంట గద. మక్తల్ కాంచి మా అత్తగారోళ్ళందరు వస్తరు. వాళ్ళ ముంగట గీ ఒక్క ఆట ఆడితె మల్ల మనిషైతడు.”

“అక్కా, గది నా ఒక్కని చేతుల లేదు,” అన్నాను.

“నీ చేతుల లేకుంటె నేనెందుకొస్త?” అంది. ఏడవలేదు. ఏడిస్తే కోపం తెచ్చుకుని కాదనేవాణ్ణేమో.

మర్నాడు వకీలు సాబు ఇంటి అరుగు మీద కూర్చున్నాం. అయిదుగురం. పదిమంది పేర్లు అరగంటలో తేలిపోయాయి. చివరికి మిగిలింది ఎడమ అంచు, లెఫ్ట్ అవుట్ జాగా. నేను పోట్లాడాల్సి వస్తుందనుకున్నాను. వకీలు సాబు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “గీ జాగ కోసమే గద మూడేండ్ల సంది మా పానం తీస్తున్నవు. చెప్పు, ఎవరి పేరు రాయమంటవో,” అన్నాడు. మిగతా ముగ్గురూ నా వైపు తిరిగారు. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఒక్కరు అడ్డు చెప్పినా నేను గొంతు చించుకుని ఎడమకాలాయన కోసం వాదించేవాణ్ణని ఇప్పటికీ అనిపిస్తుంది. అడ్డు లేకపోవడమే నన్ను దెబ్బ తీసింది.

మా బావ పేరు చెప్పాను.

ఎవరూ అడగకుండానే, “పాలమూరు గ్రౌండు గట్టిది. అనుభవం గలవాడు కావాలె,” అని కూడా అన్నాను. వకీలు సాబు చిన్నగా నవ్వి, కళ్ళజోడు పెట్టుకుని, పేరు రాసుకున్నాడు.

ఆటకు లారీ మాట్లాడుకుని దేవరకొండ మీదుగా పోయాం. పాలమూరు మైదానం అంచుల్లో జనం కిక్కిరిసి ఉన్నారు. మేం దిగగానే ఎవడో అరిచాడు: “నల్లగొండోళ్ళు వచ్చిండ్రు, కుండల నీళ్ళు దాపెట్టుండ్రి!”

“మీ కుండలల్ల నీళ్ళెక్కడియిరా, దాపెట్టనీకి!” అని మా వాళ్ళు తిరిగి అరిచారు.

ఆట మొదలైన పావుగంటకే బావ పని అయిపోయింది. ఎడమ అంచు ఖాళీ బాట అయింది. పాలమూరు వాళ్ళు అది పసిగట్టి ప్రతి బంతినీ అటే తెచ్చారు. బావ నడుము మీద చేతులు పెట్టుకుని వాళ్ళు పోతుంటే చూస్తున్నాడు. గోలు కాసే మా గోలీ ఆ రోజు దేవుడు పూనినట్టు ఆడాడు కాబట్టి బతికాం. నా పక్కన కూర్చున్న మా ఊరి వాళ్ళు, “ఎవడెక్కిచ్చిండుర గీయన పేరు?” అని తిట్టారు. ఆ మాటలు నేను ఎప్పుడూ అనేవే. తల వంచుకుని విన్నాను.

ఇక ఆట అయిపోతుందనగా మాకో కార్నర్ దొరికింది. బావ గోలు ముందు వగరుస్తూ నిలబడి ఉన్నాడు. మూల నుంచి కొట్టిన బంతిని అతను చూడనైనా లేదు. అది వచ్చి అతని వీపుకు తగిలి, వాళ్ళ గోలీ అటు దూకితే ఇటు దొర్లి లోపలికి పోయింది.

ఒక గోలుతో గెలిచాం. మా వాళ్ళు బావను భుజాల మీద ఎత్తుకున్నారు. మక్తల్ నుంచి వచ్చిన ఆయన చుట్టాలు ఓడిన బాధ మరిచిపోయి, “మా పిలగాడే, మా పిలగాడే” అని దండ వేశారు. బావ ముఖంలో వెలుగు చూశాను. ఏడాది తర్వాత ఆయన పళ్ళు కనిపించేట్టు నవ్వాడు. వకీలు సాబు నా వీపు మీద చరిచి, “మస్తు ఎంచినవయా! నీ కన్నే కన్ను,” అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఓడిపోయి ఉంటే నాలుగు తిట్లు తిని తేలికపడేవాణ్ణి. ఈ గెలుపుతో ఆ దారి కూడా మూసుకుపోయింది. అక్క ఆ వారమే మా ఇంటికి రొట్టె, బెల్లం కలిపి మలీద ముద్దలు చేసి పంపింది. నేను తినలేకపోయాను.

వారం తర్వాత ఎడమకాలాయన ఊరికి పోయాను. వేపచెట్టు నీడలో గొర్రెను పడుకోబెట్టి ఉన్ని కత్తిరిస్తున్నాడు. అతని భార్య ఉన్నిని గోనెలో కుక్కుతోంది.

“రా అన్నా, కూసో. గెలిచినమంట గద,” అన్నాడు.

“గెలిచినం. నీ పేరు తీసేసింది నేనే.”

కత్తెర ఆగలేదు. “ఎర్కనే. అంగట్ల చెప్పిండ్రు.”

“కోపం లేదా?”

గొర్రెను రెండో పక్కకు తిప్పి, కాసేపు దాని మెడ దగ్గర కత్తిరించాడు. తర్వాత అన్నాడు: “మూడేండ్లు వాళ్ళు తీసేస్తె నాకు కోపం రాలే. వాళ్ళకు నా ఆట ఎర్క లేదు. నీకెర్క గదనే.”

నేను అక్క సంగతి, బావ జబ్బు సంగతి చెప్పబోయాను. సగం చెప్పి ఊరుకున్నాను. “మీ బావకు ఇప్పుడెట్లున్నది?” అని అడిగాడు. బాగున్నాడన్నాను. “మంచిగైంది,” అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. జొన్న రొట్టె తినిపించి పంపాడు. నన్ను కొట్టినా బాగుండేదని తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అనిపించింది.

నేను కమిటీ నుంచి తప్పుకుంటూ ఒక కాగితం రాసిచ్చాను. సొంత మనిషి కోసం తగిన మనిషిని తప్పించానని అందులో స్పష్టంగా ఒప్పుకున్నాను. వకీలు సాబు చదివి పకపకా నవ్వాడు. “గెలిచినోని మీద ఎంక్వైరీ ఎవడు చేస్తడయా? నీకేమన్న పిచ్చా?” అని దాన్ని మడిచి ఫైలులో పెట్టాడు. అంతే. ఎవరూ నన్ను ఏమీ అనలేదు.

ఆ తర్వాత క్రికెట్ జట్టు పేర్లు రేడియోలో వచ్చిన రోజు హోటల్లో అందరూ నా నోటి వైపు చూశారు. అన్యాయమే జరిగింది, ఆడేవాణ్ణి వదిలేసి ఎవరినో తీసుకున్నారు. మాట గొంతు దాకా వచ్చింది. డ్రిల్లు మాస్టారు, “ఏమైందయా, ఇయ్యాల గొంతు పట్టుకున్నదా?” అని అడిగాడు. చాయ్ తాగేసి లేచి వచ్చాను. అరిచినా కడుపు మండేది, అరవకున్నా మండేది.

మరో ఏడాది గడిచాక కొత్త కమిటీ, ఊరికి కొత్తవాడైన కెప్టెన్ వచ్చారు. ఎడమకాలాయన పేరు ఎక్కింది. నా ప్రమేయం ఏమీ లేదు. ఈసారి ఆట నల్లగొండలోనే. కచ్చేరికి సెలవు పెట్టి పొద్దున్నే పోయి గీత పక్కన కూర్చున్నాను. జట్టు మైదానంలోకి వచ్చింది. అతను పాత బూట్లతో నడిచి, నడిచి, కుడి అంచుకు పోయి నిలబడ్డాడు.

నేను చూసింది నమ్మలేక లేచి నిలబడ్డాను. ఎడమకాలితో ఆడే మనిషిని రైట్ అవుట్‌లో పెట్టారు! “ఆ దిక్కు గాదు, ఈ దిక్కు!” అని అరిచాను. వెనకవాళ్ళు చొక్కా పట్టి కూర్చోబెట్టారు. గంటన్నర చూశాను. బంతి వచ్చినప్పుడల్లా దాన్ని ఎడమకాలి మీదికి తెచ్చుకునేలోపు ఎవడో ఒకడు వచ్చి తన్నుకుపోయాడు. రెండు గోల్లతో ఓడిపోయాం. పోతూ పోతూ జనం, “గీయన కోసమా గింత లొల్లి చేసిండ్రు?” అనుకున్నారు.

ఆట అయ్యాక అతను మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుతున్నాడు. నేను విసవిసా అతని దగ్గరికి పోయాను.

“కెప్టెన్‌కు చెప్పకపోయినవా, నీది ఎడమకాలని?”

“అడుగుతె చెప్పేటోన్ని. ఎవరడగలే.”

“నువ్వన్న నోరు తెర్వాలె గద!”

“అయిదేండ్లకు పిలిచిండ్రు. ఆడిపిచ్చుడే ఎక్కువాయె, మల్ల ఏ దిక్కని అడుగుతనా?” అని లేచాడు. చిట్యాల బస్సుకు టైమయిందని, బూట్లు చేత పట్టుకుని, ఉత్త కాళ్ళతో రోడ్డు వైపు వెళ్ళిపోయాడు.