నర్సయ్య సారు రెండోసారి చదివినప్పుడు

నర్సయ్య సారు కంటబడ్డ ప్రతి అక్షరాన్నీ పైకి చదువుతారు. అదీ రెండుసార్లు.

మిర్యాలగూడ బస్టాండులో బోర్డు చూసి "సూర్యాపేట, సూర్యాపేట" అన్నారు ఒకసారి. కండక్టరు దిగి వచ్చాడు. "సారూ, నా కొలువు మీరు చేస్తే నేనేం చెయ్యాలె?" కోదాడలో పెళ్లికి పిలిస్తే అక్కడా శుభలేఖ విప్పి, అచ్చువేసిన ప్రెస్సు ఫోన్ నంబరు దాకా చదివారు. అక్షింతలు వేసే వేళ దాటిపోయింది. ఆయన భార్య అహల్యమ్మకు ఏ చింతా లేదు. "మా ఇంట్ల టీవీ అక్కర్లేదు" అంటుంది.

సారు మాకు ఆదివారాల్లో ఎకనామిక్స్ చెప్పేవారు. నేను త్రిపురారంలో అంగన్‌వాడీ టీచర్ని. నలభై దగ్గరపడ్డాక దూరవిద్యలో డిగ్రీ కట్టాను. హిస్టరీ రెండుసార్లు పోయింది. ఈసారీ పోతే సూపర్‌వైజర్ పోస్టుకు నా వయసు దాటిపోతుంది.

హిస్టరీ పరీక్ష రోజు సూర్యాపేట సెంటర్లో మా గదికి ఇన్విజిలేటరుగా ఆయనే వచ్చారు. ప్రశ్నపత్రాలు పంచి పైకి చదవడం మొదలుపెట్టారు.

"సార్, మాకు సదువొచ్చు" అన్నాను. గది నవ్వింది.

"నాకు వచ్చో రాదో సూసుకుంటున్న శ్రీలతమ్మా."

నేను వినలేదు. వ్యాసం ప్రశ్నలో కాకతీయులు, చెరువులు కనబడ్డాయి. అంతే చాలు. రామప్ప, పాఖాల, లక్నవరం. ఎవరు కట్టించారు, ఎప్పుడు కట్టించారు. ఆరు పేజీలు.

ఇంకా నలభై నిమిషాలు ఉన్నాయనగా సారు మళ్ళీ ఎత్తుకున్నారు. "కాకతీయుల కాలంలో చెరువుల వల్ల ప్రజల జీవనంలో వచ్చిన మార్పులను చర్చించండి."

ప్రజలా? నా ఆరు పేజీల్లో ఒక్క మామూలు మనిషి లేడు. అందరూ రాజులే.

"సార్, ఇంకొక్కసారి సదువున్రి."

"నీకు సదువొచ్చు గదక్కా!" వెనుక బెంచీ.

సారు చదివారు. నేను ఏదీ కొట్టివేయలేదు. "కట్ట పోయించింది రాజు. నీళ్లు పారినాక జరిగింది ఇది" అని కొత్త పేరా మొదలుపెట్టాను. మా ఊరికి సాగర్ కాల్వ వచ్చినప్పటి సంగతులు నాయనమ్మ చెప్పేది. జొన్న గటక పోయి వరి అన్నం వచ్చింది. నాట్లకు పక్క ఊళ్ల కూలీలు వచ్చారు. నీళ్ల కాడ అన్నదమ్ములు కొట్టుకున్నారు. అన్నీ కాకతీయులకు అప్పజెప్పాను. గంట కొట్టేసరికి అన్నదమ్ములు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు.

బయట సారును ఆపాను. "రెండోసారి నా కోసమే సదివిన్రా?"

"నువ్వేం రాసినవో నాకేం ఎరుక?" అని గొంతు తగ్గించారు. ఆయనకు మెల్లగా మాట్లాడటం వచ్చని అప్పుడే తెలిసింది. "ముందు బెంచీ ముత్తయ్యకు కండ్లు మసక. సన్నక్షరం కనబడది. ఒకలను అడగడు. ఆయనొక్కనికే సదివితే అందరు ఆయనను సూస్తరు. అందరికి సదివితే నన్ను సూస్తరు."

ఇద్దరం పాసయ్యాం. మెమోలు తీసుకునే రోజు ముత్తయ్య కలిశాడు. అరవై దాటిన మనిషి. నన్ను పక్కకు పిలిచాడు.

"సారును సూసి నవ్వకు బిడ్డా. పాపం, పైకి సదివితే గాని ఆయనకు అర్థం కాదు. ఎవరు ఇనకుంటే చిన్నబోతడని నేనే పోయి ముందు బెంచీల కూసుంట."